మడత వీల్‌చెయిర్ వాడుతున్నారా? ముందు భుజాలు చూసుకోండి

చేత్తో తోసుకునే వీల్‌చెయిర్ వాడేవాళ్లకి కాళ్ల పని కూడా భుజాలే చేస్తాయి. అందుకే కుర్చీ కొనడం దగ్గర్నుంచి కారులో ఎక్కించడం దాకా, ఏ పనైనా భుజం మీద ఎంత భారం పడుతుందో చూసుకునే చేస్తాను. వెన్నెముక దెబ్బ తర్వాత ఏళ్లుగా తేలికపాటి మడత కుర్చీలోనే తిరుగుతున్నాను. నాకు పనికొచ్చినవన్నీ ఇక్కడ చెప్తాను.

కొనేటప్పుడు అందరూ ముందు బరువు అడుగుతారు. మామూలు స్టీలు కుర్చీ 16 నుంచి 20 కిలోల దాకా ఉంటుంది, అల్యూమినియం మడత కుర్చీలు చాలావరకు 10 నుంచి 14 కిలోల మధ్య వస్తాయి. తేడా పెద్దదే. కానీ సీటు వెడల్పు సరిపోకపోతే ఆ తేలికదనం అంతా వృథా. మీ తుంటి వెడల్పుకి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే చాలు. వదులుగా ఉంటే హాయిగా ఉంటుందని పెద్దది తీసుకుంటే, చేతులు రెండు పక్కలకీ చాచి తోయాల్సి వస్తుంది. ఆ భారమంతా భుజం కీలు మీదే. పైగా కుర్చీ మొత్తం వెడల్పు సీటు కంటే దాదాపు 20 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. బాత్రూం తలుపు పూర్తిగా తెరిచి, మిగిలిన దారి ఎంతో టేపు పెట్టి కొలిచాకే ఖాయం చేసుకోండి.

సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. రిమ్ (వెనక చక్రానికి బయటి వైపు ఉండే, చేత్తో తోసే వలయం) పైభాగం మీద చెయ్యి పెడితే మోచెయ్యి 100 నుంచి 120 డిగ్రీల మధ్య వంగాలి. చెయ్యి కిందికి వదిలేస్తే వేలి కొసలు ఇరుసు దగ్గరికి అందాలి. వెనక చక్రాలు కూడా చిన్నవిగా ఉండే కుర్చీలు ఇంకా తేలిక, కానీ అవి వేరొకళ్లు తోయడానికి. సొంతంగా తిరగాలంటే 24 అంగుళాల చక్రాలు కావాలి. ఇరుసును కాస్త ముందుకి జరిపే వీలుంటే తోయడం సులువవుతుంది, అయితే కుర్చీ వెనక్కి ఒరిగే అవకాశం కూడా పెరుగుతుంది. ఆ మార్పు ఫిజియోథెరపిస్ట్ పక్కన ఉన్నప్పుడే, వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రాలు పెట్టించుకునే చేయించండి.

ఇక మడత. సీటు కింద అడ్డంగా ఉండే ఆ ఎక్స్ ఆకారపు గొట్టాలను అమెరికా ఇంజనీర్లు హ్యారీ జెన్నింగ్స్, హెర్బర్ట్ ఎవరెస్ట్ 1930లలో తయారు చేశారు, 1937లో పేటెంట్ వచ్చింది. ఎవరెస్ట్ గని ప్రమాదంలో నడక పోగొట్టుకున్న మనిషి. తన అవసరం తనకు తెలిసినవాడి చెయ్యి పడింది కాబట్టే ఆ అమరిక ఇన్నాళ్లు నిలిచిందని నా నమ్మకం.

మడిచేటప్పుడు ముందు కుషన్ తీసేయాలి, పాదాలు పెట్టే పలకలు పైకి లేపాలి. తర్వాత సీటు బట్టను ముందు అంచు మధ్యలో ఒక చేత్తో, వెనక అంచు మధ్యలో ఇంకో చేత్తో పట్టుకుని పైకి లాగితే కుర్చీ దగ్గరకొచ్చేస్తుంది. జాగ్రత్త కావాల్సింది తెరిచేటప్పుడు. రెండు అరచేతులూ సీటుకి అటూ ఇటూ ఉన్న గొట్టాల మీద బోర్లా ఆనించి, వేళ్లు సీటు వైపుకి చాపి, కిందికి నొక్కాలి. గొట్టం చుట్టూ వేళ్లు ముడవకూడదు. గొట్టం పక్క ఫ్రేములోని గూట్లో దిగేటప్పుడు వేలు మధ్యలో ఉంటే నలిగిపోతుంది. రెండు పక్కలా పూర్తిగా దిగిందో లేదో వంగి కళ్లతో చూడండి. ఒక పక్క పైకి ఉండిపోతే కుర్చీ నేరుగా పోదు, బ్రేకు కూడా సరిగ్గా పట్టదు.

కారులో పెట్టేటప్పుడు కుర్చీని ఒకేసారి ఎత్తాలని చూడకండి. వెనక చక్రాలు ఊడదీసే రకమైతే ఇరుసు మధ్యనున్న బటన్ నొక్కి చక్రం లాగితే వచ్చేస్తుంది. ఒక్కో చక్రం సుమారు రెండు కిలోలు. ఫుట్‌రెస్టులు కూడా తీసేస్తే ఎత్తాల్సిన ఫ్రేము బాగా తేలికవుతుంది. చక్రం తిరిగి బిగించాక బటన్ పూర్తిగా బయటికి వచ్చిందా అని చూడాలి, తర్వాత బటన్ ముట్టుకోకుండా చక్రాన్ని గట్టిగా బయటికి లాగాలి. రాకపోతేనే కూర్చోవాలి. ఈ ఒక్క పరీక్ష మాత్రం ఎంత తొందరున్నా నేను మానను.

మా తమ్ముడు సాయం పట్టే ముందు ప్రతిసారీ "అక్కా, ఎక్కడ పట్టుకోను?" అని అడుగుతాడు. సాయం చేసేవాళ్లందరూ అలా అడగాలి, అడగకపోతే మనమే చెప్పాలి. ఆర్మ్‌రెస్టులు, ఫుట్‌రెస్టులు ఊడొచ్చేవి, వాటిని పట్టుకుని ఎత్తితే చేతిలోకి వచ్చేస్తాయి. కదలని ఫ్రేము గొట్టమే పట్టుకోవాలి. గట్టు దిగేటప్పుడు వెనక చక్రాలు ముందు దిగేలా కుర్చీని వెనక్కి తిప్పి దించమనండి.

తోసేటప్పుడు చిన్నచిన్నగా టకటకా కొట్టకండి. రిమ్‌ను వెనక నుంచి పట్టుకుని ముందు దాకా పొడవుగా తోసి, చేతుల్ని వదులుగా రిమ్ కిందికి జారనిచ్చి మళ్లీ వెనక్కి తెచ్చుకోండి. అదే దూరానికి తక్కువ తోపులు పడతాయి. ర్యాంపు ఎక్కేటప్పుడు నడుం నుంచి ముందుకి వంగండి. దిగేటప్పుడు వెనక్కి ఆనుకుని, రిమ్‌ను అరచేతుల మధ్య కొద్దికొద్దిగా జారనివ్వండి. అరచేయి వేడెక్కుతుంది, గ్లవ్స్ తప్పనిసరి. బ్రేకులు నిలిపి ఉంచడానికే, నడుస్తుండగా వేస్తే మనం ముందుకి పడతాం. ర్యాంపు వాలు 1:12 (పన్నెండు అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు) కంటే ఎక్కువ ఉంటే, మొహమాటపడకుండా సాయం అడుగుతాను.

వెనక హ్యాండిళ్లకి బరువైన బ్యాగు తగిలించకండి, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు. తేలిక కుర్చీకి వెనక్కి ఒరగడానికి అంత బరువు చాలు. సీటు కింద సంచి కట్టుకోవచ్చు. కుర్చీలోంచి లేచి వేరేచోటికి మారేటప్పుడు ఫుట్‌ప్లేట్ల మీద బరువు ఎప్పుడూ వేయకూడదు, కుర్చీ ముందుకి బోల్తా పడుతుంది.

కుషన్ సంగతి. మడత కుర్చీ సీటు బట్టే కాబట్టి కొన్నాళ్లకి మధ్యలో కిందికి సాగుతుంది, తుంటి ఒక పక్కకి ఒరుగుతుంది. కింద స్పర్శ లేనివాళ్లకి అది పుండు పడే దాకా తెలియదు. సాగినట్టు కనిపించగానే బట్ట బిగించుకోండి లేదా మార్పించండి. 15 నుంచి 30 నిమిషాలకోసారి ఒత్తిడి తగ్గించుకోవాలి. చాలామందికి చేతుల మీద శరీరాన్ని పైకి లేపడం నేర్పిస్తారు, నేను దాన్ని వాడను. ఛాతీ తొడల మీదికి వచ్చేలా ముందుకి వంగి ఒకటి రెండు నిమిషాలు ఉంటాను, కుదరని చోట ఒక్కో పక్కకి వాలుతాను. భుజాలకి దెబ్బ లేదు, పని అవుతుంది.

మరమ్మత్తులో ఎక్కువ భాగం గాలే. టైరు పక్కన రాసి ఉన్న ఒత్తిడికి గాలి పట్టించండి. గాలి తగ్గితే తోయడం బరువవుతుంది, బ్రేకు కూడా జారుతుంది, ఎందుకంటే బ్రేకు నొక్కేది ఆ టైరునే. ముందు చిన్న చక్రాల ఇరుసుల్లో జుట్టు, దారాలు చుట్టుకుంటాయి. చక్రం ఊరికే వణుకుతుంటే లేదా తిప్పితే ఆగిపోతుంటే అక్కడ చూడండి, చిన్న కత్తెరతో కోసి పట్టకారుతో లాగేయండి. ఎక్స్ మధ్యలోని బోల్టు వదులైందేమో, స్పోక్స్ మోగుతున్నాయేమో అప్పుడప్పుడు చూసుకోండి. బయటికి వెళ్లేటప్పుడు పంపు, అదనపు ట్యూబు, మీ కుర్చీ బోల్టులకి సరిపడే ఎలెన్ కీ (ఆరు పలకల చిన్న తాళంచెవి లాంటి పనిముట్టు) పెట్టుకోండి. ట్యూబు కొనేటప్పుడు అంగుళాలు మాత్రమే చెప్తే సరిపోదు. టైరు మీద 37-540, 25-540 లాంటి కొలత అంకె ఒకటి ఉంటుంది, అది ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.