తేలినీలాపురం వెళ్లేముందు బైనాక్యులర్ కొంటున్నారా? ఇవి చూసుకోండి

పెలికాన్లు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చెట్ల మీద దిగే రోజులు దగ్గరపడ్డాయి.

- "30 రెట్ల జూమ్" జోలికి పోకండి. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది, పక్షి కుదురుగా కనబడదు. 8×42 చాలు: 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, 42 అంటే ముందు కటకం వెడల్పు మి.మీ.లలో.

- 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ. కంటికి చేరే వెలుగు వెడల్పు అది. 10×25లో 2.5 మాత్రమే, తెల్లవారుజామున, మబ్బు పట్టినప్పుడు మసకే.

- షాపు బయటికొచ్చి దూరపు బోర్డు చూడండి. అక్షరాలు రెండుగా కనిపించినా, కళ్లు లాగినా వద్దే వద్దు. లోపలి పట్టకాలు జరిగిపోయినట్టే, ఇంట్లో సరిచేయలేం.

- కళ్లద్దాలుంటే ఐ రిలీఫ్ (కంటివైపు కటకం నుంచి కన్ను ఉండాల్సిన దూరం) 15 మి.మీ.కు తగ్గకూడదు.

- నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ రకం తీసుకోండి. మన తీరపు తేమకు మామూలువాటి లోపల బూజు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.