హన్మకొండ ఆఫీసు నుంచి బ్రాంచీల దాకా ఒకే ఫోన్ వ్యవస్థ: పెట్టె కొనేముందు తేల్చుకోవాల్సినవి

కొత్త ఫోన్ వ్యవస్థ అనగానే చాలా సంస్థలు ముందు కొటేషన్లు తెప్పించుకుంటాయి. ఏ కంపెనీ పెట్టె (ఫోన్లన్నిటినీ కలిపే పీబీఎక్స్ యంత్రం), ఎన్ని ఫోన్లు, ఎంత తగ్గిస్తారు అన్న దగ్గరే మాటలు నడుస్తాయి. బిగించిన నెలకే "అవతలి మాట వినపడ్తలేదు", "కరెంటు పోంగనే ఫోన్లన్నీ పోయినై" అని ఫిర్యాదులు మొదలవుతాయి. అందులో పెట్టె తప్పు చాలా తక్కువ. కాల్స్ లెక్క, పాత నంబరు, కేబులు, కరెంటు, నెట్‌వర్క్ అనే ఐదింటినీ ముందే తేల్చుకోకపోవడమే అసలు కారణం. అందుకే ఈ వరుసలోనే పోదాం. పెట్టె ఎంపిక చివర్లో వస్తుంది.

లెక్కలు చేతికి అందేలా ఉండడానికి ఒక సంస్థను ఊహించుకుందాం. హన్మకొండలో హెడ్డాఫీసు, ఏనుమాముల మార్కెట్ దగ్గర కౌంటరు, నర్సంపేటలో గోదాము, కరీంనగర్‌లో బ్రాంచి. అన్నీ కలిపి 60 ఫోన్లు.

సీజన్లో లెక్కపెట్టండి

ఎన్ని ఫోన్లున్నాయన్న దాన్ని బట్టి కాదు, ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయన్న దాన్ని బట్టి లైన్లు తీసుకోవాలి. ఆ లెక్కను తీరిక రోజుల్లో తీస్తే పనికిరాదు. పత్తి వ్యాపారమైతే అక్టోబరు తర్వాత, మిర్చి అయితే ఫిబ్రవరి నుంచి, కాలేజీ అయితే అడ్మిషన్ల సమయంలో, ఆసుపత్రి అయితే పొద్దున ఓపీ గంటల్లో లెక్కపెట్టాలి. ఒక వారం పాటు, రోజులో అన్నిటికంటే రద్దీగా ఉండే గంటను పట్టుకుని, లోపలికి వచ్చినవీ బయటికి చేసినవీ కలిపి రాసుకోండి. పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఎక్స్ఛేంజి పెట్టె) నుంచి కాల్ రికార్డు వస్తే సరే, లేకపోతే రిసెప్షన్లో కాగితం మీద గీతలు పెట్టినా చాలు.

రద్దీ గంటలో 90 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకుంటే మొత్తం 270 నిమిషాలు. 60తో భాగిస్తే 4.5. టెలిఫోన్ లెక్కల్లో దీన్ని 4.5 ఎర్లాంగ్‌లంటారు. అంటే సగటున నాలుగైదు కాల్స్ ఎప్పుడూ నడుస్తుంటాయి. అలాగని 5 లైన్లు తీసుకుంటే సరిపోవు. కాల్స్ వరుసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు, గుంపుగా వచ్చి పడతాయి. నూటికి ఒక్క కాల్‌కు మించి బిజీ తగలకూడదంటే, ఎర్లాంగ్ బీ అనే లైన్ల లెక్క పట్టిక ప్రకారం 4.5కు 11 ఛానెళ్లు (ఒక్కో ఛానెల్‌లో ఒక కాల్) కావాలి. పీఆర్ఐ అనే డిజిటల్ లైన్ ఒక్కదాంట్లోనే 30 ఛానెళ్లుంటాయి కాబట్టి ఇక్కడ అది ఎక్కువే అవుతుంది. నెట్ పద్ధతిలో కాల్స్ తెచ్చే సిప్ ట్రంక్ అయితే 11 లేదా 15 ఛానెళ్లకే మాట్లాడుకుని, సీజన్లో పెంచుకునే షరతును ఒప్పందంలో రాయించుకోవచ్చు.

పాత నంబరే అసలు ఆస్తి

0870తో మొదలయ్యే పాత నంబరు రైతుల చీటీల మీద, బిల్లు పుస్తకాల మీద, లారీల వెనక ఉంటుంది. మొబైల్ నంబరును మార్చుకున్నట్టు ల్యాండ్‌లైన్ నంబరును ఒక ఆపరేటరు నుంచి ఇంకో ఆపరేటరుకు తీసుకుపోయే వీలు మన దేశంలో లేదు. ధర తక్కువని ఆపరేటరును మార్చి, పాత లైన్ సరెండర్ చేశాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకని ముందు పాత ఆపరేటరునే అదే నంబరు మీద సిప్ ట్రంక్ గానీ పీఆర్ఐ గానీ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. కాదంటే పాత రాగి లైన్లలో కనీసం ప్రధాన నంబరును ఉంచుకోండి. ఎఫ్ఎక్స్ఓ పోర్టులున్న గేట్‌వే (పాత లైన్‌ను ఐపీలోకి మార్చే పెట్టె) ద్వారా దాన్ని కొత్త వ్యవస్థలోకి తెచ్చుకోవచ్చు. ఎఫ్ఎక్స్ఓ అంటే బయటి లైన్ పెట్టే పోర్టు. మామూలు ఫోన్, ఫ్యాక్స్ మిషన్ పెట్టేది ఎఫ్ఎక్స్ఎస్. ఈ రెండూ తారుమారుగా ఆర్డర్ పెట్టడం తరచుగా జరిగే పొరపాటు.

ట్రంకును లైసెన్సున్న ఆపరేటరు దగ్గరే తీసుకోవాలి. బ్రాంచి నుంచి బ్రాంచికి నెట్ మీద మాట్లాడుకోవడం ఒకటి, ఆ నెట్ మీదుగా కరీంనగర్‌కు పోయి అక్కడి లైన్ నుంచి బయటివాళ్లకు కాల్ కలపడం ఇంకొకటి. రెండోదానికి టెలికాం నిబంధనలు వర్తిస్తాయి. మీ అమరికను గీసి చూపించి, ఆపరేటరు నుంచి జవాబును కాగితం మీద తీసుకోండి. ప్రచారపు కాల్స్ కూడా చేయబోతుంటే వాటికి 140 సిరీస్ వేరుగా ఉంది. బ్యాంకులు, బీమా వంటి ఆర్థిక సంస్థల సేవా కాల్స్‌కు 1600 సిరీస్. మామూలు ఆఫీసు నంబరుతో వందల ప్రచార కాల్స్ చేస్తే ఫిర్యాదులు వచ్చి ఆ నంబరుకే ముప్పు వస్తుంది.

కేబులు, పిడుగు, కరెంటు

ఐపీ ఫోన్‌కు కరెంటు కూడా నెట్ కేబుల్లోనే పోతుంది. కాబట్టి కేబుల్ లోపల అసలైన రాగి ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ ధర తక్కువ, కానీ దాని నిరోధం ఎక్కువ. 70, 80 మీటర్ల దూరంలోని ఫోన్ పొద్దున పనిచేసి, ఎండకు కేబుల్ వేడెక్కగానే రీస్టార్ట్ అవుతుంటే ముందు దీన్నే అనుమానించండి. క్యాట్ 6 స్వచ్ఛ రాగి అని బిల్లులో రాయించుకోండి. స్విచ్ నుంచి ఫోన్ దాకా ప్యాచ్ కార్డులతో సహా 100 మీటర్లు దాటకూడదు. 60 పాయింట్లు, సగటున 35 మీటర్లు అంటే 2,100 మీటర్లు. 305 మీటర్ల పెట్టెలు 7 సరిగ్గా సరిపోతాయి కాబట్టి 8 తీసుకోండి.

టేబుల్ దగ్గర ఒకే పాయింటు ఉంటే ఫోన్ వెనక కంప్యూటర్ పెట్టుకోవచ్చు. అలాంటప్పుడు ఫోన్లో రెండూ గిగాబిట్ పోర్టులుండాలి. చవక ఫోన్లలో 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి, దాంతో కంప్యూటర్ కూడా ఆ వేగానికే పరిమితమవుతుంది.

మిల్లులు, గోదాముల్లో గేటు దగ్గరి గదికి, వేబ్రిడ్జి క్యాబిన్‌కు ఫోన్ కావాలంటారు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఆరుబయట రాగి కేబుల్ లాగకండి. వేసవి చివర ఉరుములు మెరుపులతో వచ్చే వానల్లో దగ్గర్లో పిడుగు పడితే చాలు, ఆ కేబుల్ మీదుగా వచ్చిన సర్జ్‌కు స్విచ్ మొత్తం కాలిపోతుంది. భవనాల మధ్య ఫైబరే వేయండి. ఎఫ్ఎక్స్ఓ గేట్‌వేకు వచ్చే రాగి లైన్లకు సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టండి. ర్యాక్‌కు ఎర్తింగ్ ఇచ్చి, నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉందో లేదో మీటరుతో చూడండి. నేల ఎండిపోయే ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ కొలిచి, ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయించండి.

స్విచ్‌లో పోర్టుల సంఖ్యతో పాటు పీఓఈ (నెట్ కేబుల్లోనే ఇచ్చే కరెంటు) మొత్తం వాట్లు చూడాలి. 24 పోర్టుల్లో ఒక్కో ఫోన్‌కు ఎక్కువలో ఎక్కువ 7 వాట్లు వేసుకుంటే 168 వాట్లు, కాబట్టి 190 వాట్లు దాటి ఇచ్చే స్విచ్ కావాలి. డబ్బా మీద 24 పీఓఈ అని ఉండి, బడ్జెట్ మాత్రం అందులో సగమే ఉండేవీ అమ్ముతున్నారు. చివర్లో పెట్టిన ఫోన్లు వెలగకపోతే కారణం అదే. 802.3ఏఎఫ్ ప్రమాణం అని చూసి కొనండి. 24 వోల్టుల పాసివ్ పీఓఈ ఈ ఫోన్లకు పనికిరాదు.

ఇక బ్యాటరీ. ఫోన్లు ఏ చోటివి ఆ చోటే కరెంటు తీసుకుంటాయి, కాబట్టి ఈ లెక్క ప్రతి బ్రాంచికి విడిగా వేయాలి. తేలిగ్గా ఉండడానికి 60 ఫోన్లూ ఒకే భవనంలో ఉన్నాయనుకుందాం. ఫోన్‌కు సగటున 5 వాట్ల చొప్పున 300, మూడు స్విచ్‌ల సొంత వాడకం 90, సర్వరు, రౌటరు, ఫైబర్ పెట్టె కలిపి 60. మొత్తం 450 వాట్లు. రెండు గంటలు నడవాలంటే 900 వాట్ అవర్లు. యూపీఎస్‌లో పోయే నష్టం కలిపితే 1,060 దాకా అవుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి రెట్టింపు, అంటే 2,100. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలు రెండు పెడితే 2,400 వస్తాయి. యూపీఎస్ ఆన్‌లైన్ రకమే తీసుకోండి. ఇళ్లలో పెట్టే ఇన్వర్టరు మారే ఆ క్షణంలో స్విచ్ రీస్టార్ట్ అయితే, ఫోన్లన్నీ మళ్లీ లేచి రిజిస్టర్ అయ్యేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. అన్నీ యూపీఎస్ మీద పెట్టి, ఆపరేటరు ఇచ్చిన ఫైబర్ పెట్టెను మామూలు ప్లగ్గులో వదిలేయడం మరీ తరచుగా కనిపిస్తుంది.

నెట్ వేగం చాలినా మాట తెగుతుంది

జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కు అన్నీ కలిపి ఒక్కో దిశలో సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది. 11 కాల్స్‌కు ఒక ఎంబీపీఎస్ లోపే. 100 ఎంబీపీఎస్ లైన్ ఉండి కూడా మాట ముక్కలవుతుందంటే కారణం వేగం కాదు. సీసీ కెమెరాల బ్యాకప్పో, ట్యాలీ డేటానో అప్‌లోడ్ అవుతూ వరుసను నింపేస్తే మాట ప్యాకెట్లు దాని వెనక ఇరుక్కుంటాయి. దీనికి మూడు పనులు చేయాలి. ఫోన్లను వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్) పెట్టాలి. మాట ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్యపు గుర్తు వేసి, రౌటర్లో వాటికే ముందు దారి ఇవ్వాలి. రౌటర్ అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90 శాతానికి కట్టాలి. ఈ మూడోది చేయకపోతే మొదటి రెండూ చేసినా లాభం తక్కువ. వరుస మీ రౌటర్లో కాక ఆపరేటరు పెట్టెలో కడుతుంది, అక్కడ మీ గుర్తును పట్టించుకునేవాళ్లుండరు.

కొనకముందే బ్రాంచీల మధ్య మూడు రోజుల పాటు, పని గంటల్లో, లైన్‌ను కొలవండి. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు, జిట్టర్ (ఆలస్యంలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు, ప్యాకెట్ నష్టం 1 శాతం లోపు ఉండాలి. నర్సంపేట లైన్ ఇందులో తప్పితే అక్కడ ముందు లైన్ మార్చండి, లేదా అక్కడే చిన్న పెట్టె పెట్టండి. రెండో నెట్ లైన్ తీసుకునేటప్పుడు ఆపరేటరు పేరు వేరైతే చాలదు. రెండు కేబుళ్లూ ఒకే స్తంభాల మీద వస్తుంటే రోడ్డు తవ్వినరోజు రెండూ ఒకేసారి తెగుతాయి. ఒకటి ఫైబర్, ఒకటి వైర్‌లెస్ అయితే మేలు.

ఇప్పుడు పెట్టె

ఒకే భవనంలో 30 ఫోన్లు దాటితే సొంత ఐపీ పీబీఎక్స్ పెట్టుకోవడమే మంచిదని మా అభిప్రాయం. పెట్టె బదులు నెట్ మీద నడిచే క్లౌడ్ సేవ అయితే నెట్ పోయినప్పుడు పక్క గదికి కూడా కాల్ పోదు. నాలుగైదు ఫోన్ల బ్రాంచీలకు విడిగా పెట్టె అక్కర్లేదు, వీపీఎన్ (నెట్ మీద సొంత రహస్య దారి) మీద హెడ్డాఫీసుకు కలపండి. చాట్, వీడియో అందరికీ కొనకండి. లైసెన్సు మనిషికి ఇంత అని ఉంటుంది, వాడేది సాధారణంగా కొందరే. మొబైల్ యాప్ విషయంలో ఒక జాగ్రత్త: ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం యాప్‌ను నిద్రపుచ్చుతాయి, కాల్ మోగదు. పుష్ నోటిఫికేషన్ ఉన్న యాప్‌నే తీసుకుని బ్యాటరీ పరిమితి తీసేయాలి. ములుగు, ఏటూరునాగారం వైపు తిరిగే ఫీల్డ్ సిబ్బందికి డేటా నిలకడగా ఉండదు, వాళ్లకు యాప్ కంటే మొబైల్ నంబరుకు ఫార్వర్డ్ చేయడమే నమ్మకం.

ఐవీఆర్‌లో ("ఒకటి నొక్కండి" అని చెప్పే గొంతు) తెలుగు మొదట రావాలి, ఎంపికలు నాలుగుకు మించకూడదు, ఎక్కడ ఆగిపోయినా చివరికి మనిషి ఎత్తాలి. ఆ గొంతు రికార్డింగును 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా ఇవ్వండి. కాల్స్ రికార్డు చేస్తుంటే ఆ సంగతి మొదట్లోనే వినిపించండి, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది.

112, 108, 101 నంబర్లు ముందు ఏ అంకె నొక్కకుండానే కలవాలి. అంతేకాదు, ఏ బ్రాంచి నుంచి చేస్తే ఆ బ్రాంచి సొంత లైన్ నుంచే పోవాలి. కరీంనగర్ బ్రాంచిలో మంటలు లేస్తే కాల్ హన్మకొండ నంబరుతో పోకూడదు. అందుకే వీపీఎన్ మీదున్న చిన్న బ్రాంచిలోనూ ఒక మామూలు లైన్ ఉంచండి.

ఐఎస్‌డీ వాడకపోతే పెట్టెలోనే కాదు, ఆపరేటరు దగ్గర కూడా మూయించండి. సిప్ కాల్స్ వచ్చే 5060 పోర్టును నెట్‌కు బాహాటంగా తెరిచి ఉంచి, 201 ఎక్స్‌టెన్షన్‌కు 201 అనే పాస్‌వర్డ్ పెడితే రాత్రికి రాత్రి విదేశీ కాల్స్ పోయి బిల్లు లక్షల్లోకి ఎక్కవచ్చు.

మార్చే రోజు

శనివారం సాయంత్రం మార్చి ఆదివారం పరీక్షించండి, సోమవారం పొద్దున బిగించే వ్యక్తి ఆఫీసులోనే ఉండాలి. తప్పులు ఎక్కువగా ఈ నాలుగు రూపాల్లో కనిపిస్తాయి:

ఒక వైపే మాట వినపడితే రౌటర్లో సిప్ ఏఎల్‌జీ (సిప్ సందేశాలను మధ్యలో మార్చే సౌకర్యం) ఆపేయండి, మాట వచ్చిపోయే ఆర్‌టీపీ పోర్టులు, పెట్టెలో రాసిన బయటి ఐపీ చిరునామా సరిచూడండి.
కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగితే, జవాబు అందినట్టు చెప్పే ఏక్ సందేశం అవతలికి చేరడం లేదు. ఇదీ ఎక్కువగా అదే చిరునామా తప్పే.
ఐవీఆర్‌లో 1 నొక్కినా తీసుకోకపోతే డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెను పంపే సంకేతం) పద్ధతి ఆపరేటరు దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంది. రెండు చోట్లా ఆర్ఎఫ్‌సీ 2833 పెట్టించండి.
మిస్డ్ కాల్‌ను తిరిగి నొక్కితే కలవకపోతే నంబరు 91తోనో సున్నా లేకుండానో వస్తోంది. డయల్ ప్లాన్‌లో దాన్ని సరిచేసే నియమం రాయాలి.

ఫ్యాక్స్, లిఫ్టు ఫోన్, ఫైర్ అలారం ప్యానెల్ కూడా ఆదివారమే పరీక్షించండి, అందరూ మరిచేవి ఇవే. మెయిన్ స్విచ్ ఆపి, రెండు గంటలు బ్యాటరీ మీద నడుస్తుందో లేదో నిజంగా చూడండి. పాత లైన్లను నెల రోజుల పాటు తీయకండి. బిగించినవాళ్లకు చివరి చెల్లింపు చేసేముందు అడ్మిన్ పాస్‌వర్డ్, కాన్ఫిగరేషన్ బ్యాకప్, ఏ పాయింటు ఏ పోర్టుకు పోతుందో రాసిన పట్టిక తీసుకుని, పట్టిక ప్రతి ఒకటి ర్యాక్ తలుపు లోపల అంటించండి.