రాయి ఎత్తే ముందు రోప్ లెక్క

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఇరవై రెండేళ్లుగా స్లింగులు, అంటే రాయిని క్రేన్ హుక్కుకి తగిలించే ఉక్కు తీగల రోప్‌లు, కడుతున్నాను. కొత్తగా పనిలో చేరిన ప్రతి కుర్రాడూ అడిగేది ఒకటే: "అన్నా, ఈ రోప్ ఎంత బరువు ఆపుద్ది?" నేను ముందు టేపు తీసి చేతికిస్తా.

గెలాక్సీ రాయి, అంటే ఇక్కడి నల్ల గ్రానైట్, ఘనపు మీటరు దాదాపు 3 టన్నులు. 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న బ్లాకు 6 టన్నులు తూగుతుంది. కంటి అంచనాకి పోవద్దు. ఈ నల్లరాయి చూడ్డానికి చిన్నగానే ఉంటుంది.

తర్వాత రోప్ మందం. మందం కొలిచే వెర్నియర్‌ని పేటల (తీగలు మెలేసిన పాయల) ఉబ్బుల మీద పెట్టి కొలవాలి, పల్లంలో కాదు. మిల్లీమీటర్లలో వచ్చిన అంకెను దానితోనే గుణించి, మళ్లీ 8తో గుణిస్తే ఎన్ని కిలోలు ఎత్తొచ్చో వస్తుంది. 20 మిల్లీమీటర్ల రోప్‌కి 3,200 కిలోలు. తెగాలంటే దానికి అయిదు రెట్లకు పైనే పడాలి. ఆ మిగులు క్రేన్ కుదుపులకీ, అరుగుదలకీ ఉంచింది.

అంత బలం తీగలో ఉంది. రోప్ సర్టిఫికెట్‌లో తీగ గ్రేడు 1770 అని ఉంటే, చదరపు మిల్లీమీటరు తీగ దాదాపు 180 కిలోలు ఆపుతుందన్నమాట. మామూలు ఇనుము 40 కిలోల దగ్గరే తెగుతుంది. మరి రాయి? లాగితే ఒకటి రెండు కిలోలకే! నొక్కితే చలించని రాయి, వరసగా బెజ్జాలేసి మేకులు దిగ్గొడితే రెండుగా విడిపోయేది అందుకే.

అసలు తిరకాసు కోణంలో ఉంది. రోప్‌ని ఆ 6 టన్నుల బ్లాకు అడుగు నుంచి చుట్టి రెండు కొసలూ హుక్కుకి తగిలించామనుకోండి. కాళ్లు, అంటే హుక్కుకి పోయే రెండు పక్కలూ, నిట్టనిలువుగా ఉంటే ఒక్కో కాలు మీద 3 టన్నులు, 20 మిల్లీమీటర్ల రోప్ సరిపోతుంది. మీటరు వెడల్పు బ్లాకుకి అంచు నుంచి హుక్కు దాకా కాలు కూడా మీటరే ఉంటే మధ్య కోణం 60 డిగ్రీలు. అప్పుడు ఒక్కో కాలు మీద 3.5 టన్నులు, 22 మిల్లీమీటర్లది కావాలి. పొట్టి రోప్‌తో సర్దుకుని కోణం 120 దాకా తెరిస్తే ఒక్కో కాలు మీదా మొత్తం 6 టన్నులూ పడతాయి. ఇక ఉచ్చు వేసి బిగిస్తే రోప్ సత్తాలో పావు వంతు తీసేయండి.

లెక్క సరిగ్గా ఉన్నా నా చేతిలో ఒకసారి రోప్ తెగింది. రాయి అంచు కింద చెక్క పెట్టడం మర్చిపోయాను. కోసుకున్న మూల దగ్గరే పుటుక్కుమంది. బ్లాకు అడుగెత్తే లేచింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పట్నుంచి నాలుగు మూలలకీ పాత టైరు ముక్కలు పెడుతున్నా.

రోజూ పొద్దున రోప్ పొడవునా నూలు గుడ్డతో తుడవండి. తెగిన తీగ గుడ్డను పట్టుకుంటుంది. చేతికి గ్లవుజు తప్పనిసరి. ఒక పేట రోప్‌ని ఒక చుట్టు తిరిగేంత పొడవులో పది తీగలు తెగి ఉన్నా, ఒకే పేటలో అయిదు తెగి ఉన్నా ఆ స్లింగ్ పని అయిపోయినట్టే. మూలన పడేస్తే రాత్రి షిఫ్టు వాళ్లు తెచ్చి మళ్లీ తగిలిస్తారు. గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి తుక్కులో వేయండి.