తోకచుక్క వెలుగును అంచనా కట్టడం – 4వ పాఠం: ఆ పది ఎక్కడిది?

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులన్నీ చూశాను. సూర్యుడికి 2 ఖగోళ ప్రమాణాల (ఒక ఖగోళ ప్రమాణం అంటే సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరం) దూరంలో ఉన్న తోకచుక్క 1 ఖగోళ ప్రమాణానికి చేరితే, భూమి నుండి దాని దూరం మారలేదనుకుంటే, వెలుగు ఎన్ని రెట్లవుతుందని అడిగాను. ఎక్కువమంది 4 రెట్లని రాశారు, రావలసింది 16. తప్పులో నా వాటా కూడా ఉంది. తోకచుక్క మాగ్నిట్యూడ్‌ను (వెలుగును చెప్పే అంకె, ఇది తగ్గితే వెలుగు పెరిగినట్టు) కట్టేటప్పుడు భూమి నుండి దాని దూరపు సంవర్గమానాన్ని 5తోనూ, సూర్యుడి నుండి దాని దూరపు సంవర్గమానాన్ని 10తోనూ గుణించమన్నానే గాని, ఆ రెండూ ఎందుకు వేరో చెప్పలేదు. అందుచేత తోక పొడవు కొలిచే పద్ధతిని వాయిదా వేసి, ముందు ఆ 10 సంగతి తేలుద్దాం.

4 అని రాసినవారు తోకచుక్కను గ్రహంలా చూశారు. గ్రహం తనమీద పడిన ఎండలో కొంత తిప్పి పంపుతుంది, అంతే. తోకచుక్కలో మనకు కనిపించేది కేంద్రకం, అంటే మధ్యనున్న గట్టి ముద్ద, కాదు. రోసెట్టా అంతరిక్ష నౌక 2014 ఆగస్టులో చేరుకున్న 67పీ చుర్యుమోవ్–గెరాసిమెంకో అనే తోకచుక్క కేంద్రకం తనపై పడే వెలుగులో సుమారు 6 శాతమే వెనక్కి పంపుతుంది. అది బొగ్గులాంటి నలుపు. మనం చూసేది దాని చుట్టూ లేచిన ధూళి, వాయువుల ముసుగును. దూరం సగమైతే ఆ ముసుగు మీద పడే ఎండ 4 రెట్లవుతుంది, ముసుగులోని సరుకు కూడా దాదాపు 4 రెట్లవుతుంది. 4ను 4తో హెచ్చిస్తే 16. గుణకంలో ఎండ వంతు 5, సరుకు వంతు 5, కలిపి ఆ 10.

ఆ సరుకు ఎందుకు పెరుగుతుందో రాస్తూ చాలామంది "సూర్యుడి వేడికి మంచు కరిగి, నీరై, ఆవిరై" అన్నారు. ఈ "కరిగి" అన్న మాట కనబడితే నాకు చిరాకు. నీరు ద్రవంగా నిలవాలంటే కనీసం 611 పాస్కల్‌ల పీడనం, అంటే మనం పీల్చే గాలి పీడనంలో సుమారు 166వ వంతు, ఉండి తీరాలి. కేంద్రకం ఉపరితలం మీద అంత కూడా ఉండదు కాబట్టి మంచు తిన్నగా ఆవిరవుతుంది. బడిపుస్తకాల్లో దీన్నే ఉత్పతనం అన్నారు. మూత సరిగా పెట్టని డబ్బాలో హారతి కర్పూరం బిళ్ళలు నెల తిరిగేసరికి చిక్కిపోతాయి. డబ్బా అడుగున తడి మాత్రం ఉండదు. ఇది మాటల పట్టింపు కాదు. కరుగుతుందనుకున్నవారు వెంటనే "సున్నా డిగ్రీలు ఏ దూరంలో వస్తాయి?" అని వెతుకుతారు, అక్కడ ఒక గీత గీస్తారు, ఆ గీతకు బయట ఉన్న తోకచుక్క నిద్రపోతోందని తీర్మానిస్తారు. అటువంటి గీత లేదు. సున్నాకు ఎంతో దిగువనే మంచు ఆవిరవుతుంది, ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినా ఆవిరి చాలా ఎక్కువగా పెరుగుతుంది.

అయితే తోకచుక్కలు 3 ఖగోళ ప్రమాణాల దగ్గర మేలుకుంటాయన్న మాట ఎందుకు తరచుగా వినబడుతుంది? అంతకు దూరాన మంచు అందుకున్న వేడిలో ఎక్కువ భాగం వికిరణంగా తిరిగి పోతుంది, ఆవిరికి మిగిలేది స్వల్పం. దగ్గరకు వచ్చేకొద్దీ ఈ పంపకం తారుమారవుతుంది; 1 ఖగోళ ప్రమాణం దగ్గర మంచు అందుకున్న వేడిలో అధిక భాగం ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఆవిరి ఎండకు అనుపాతంలో పెరిగేది అప్పుడే. కాబట్టి 10 అన్న గుణకం ఆ 3 ఖగోళ ప్రమాణాలకు లోపలి భాగానికి సరిపడే సగటు మాత్రమే.

ఇదంతా నీటి మంచు కథ. 1995 జులైలో హేల్–బాప్ తోకచుక్క సుమారు 7 ఖగోళ ప్రమాణాల దూరంలోనే వెలుగుతూ కనిపించింది; అక్కడ పని చేసింది ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్. 1973 మార్చిలో, సూర్యుడికి ఇంకా చాలా దూరంలో ఉండగానే దొరికిన కొహౌటెక్ తోకచుక్కను చూసి గొప్ప వెలుగు వస్తుందని లెక్కలు కట్టారు. డిసెంబరు 28న అది సూర్యుణ్ణి చుట్టి వచ్చాక నేల మీది నుంచి చూసినవారికి ఆ వైభవం దక్కలేదు. మొదటిసారి లోపలికి వచ్చే తోకచుక్కల పైపొరలోని తేలికగా ఆవిరయ్యే మంచులు దూరానే లేచి ఆశ పెట్టి, తరువాత వెనకబడతాయని దీన్ని వివరిస్తారు. అందుకే 3 ఖగోళ ప్రమాణాలకు బయట తీసిన కొలతతో లోపలి వెలుగును నేను ఎన్నడూ అంచనా కట్టను.

నా పద్ధతి మోటుది. ప్రతి కొలత నుంచీ భూదూరపు వంతును తీసివేసి, మిగిలినదాన్ని సూర్యదూరపు సంవర్గమానానికి ఎదురుగా గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గుర్తిస్తాను. వాలు 10 వస్తే సూత్రం నడుస్తున్నట్టు, 5 వస్తే ఎండ తప్ప సరుకు పెరగనట్టు. 2 సంవర్గమానం 0.3 అని గుర్తుంటే చాలు, యంత్రం అక్కరలేదు.

అభ్యాసం: ఒక కల్పిత తోకచుక్క సూర్యదూరం 4, భూదూరం 4 ఖగోళ ప్రమాణాలు అయినప్పుడు మాగ్నిట్యూడ్ 13.5; సూర్యదూరం 2, భూదూరం 1 అయినప్పుడు 7.5; రెండూ 1 అయినప్పుడు 6.0. రెండు అంచెల వాలులనూ వేరువేరుగా కట్టండి. మొదటి రెండు కొలతలే చేతిలో ఉండి ఉంటే మూడోదానికి మీరు ఎంత చెప్పి ఉండేవారో, ఎంత తప్పేవారో రాయండి. తరువాత, ఇది తొలిసారి వచ్చినదా, పాత బాటసారా అన్నది కారణంతో సహా ఒక పేజీలో తేల్చండి. "కరిగి" అన్న మాట ఉన్న జవాబును చదవకుండా తిప్పి పంపుతాను.