చౌడు నేలలో ఎరువు వేసినా పైరు లేవట్లేదా?

యూరియా చల్లి వారం దాటింది, పైరు పచ్చబడకపోగా ఆకు కొనలు తెల్లగా ఎండి చుట్టుకుపోతున్నాయి. తిండి చాల్లేదేమో అని ఇంకో బస్తా వేసేస్తారు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. ఎరువు కూడా ఉప్పే, నేలలో ఉన్న ఉప్పుకి అది తోడైతే చుట్టూ తడి ఉన్నా వేరు నీరు పీల్చలేదు. ముందు మంచి నీళ్లు నిలవగట్టి ఉప్పు కిందికి దిగేలా చేయండి, మురుగు కాల్వ లోతుగా ఉంటేనే అది బయటికి పోతుంది. ఎరువు ఆ తర్వాతే.

మొలకే రాలేదా? విత్తనం పక్కనే ఎరువు పడిందేమో చూడండి, పడితే మొలక మాడిపోతుంది, కాస్త దూరంగా వేయాలి. పంట ఎంపిక కూడా ముఖ్యం: మట్టి ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, డెసీసైమన్స్/మీటరులో) 1.7 దాటితే మొక్కజొన్న దిగుబడి తగ్గడం మొదలవుతుంది, వరి 3 వరకు, గోధుమ 6 వరకు, బార్లీ 8 వరకు తట్టుకుంటాయి.

వరి నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో గిడసబారి దుబ్బు కట్టకపోతే ఒక మొక్క పీకి కింది ఆకులు చూడండి. తుప్పు రంగు మచ్చలుండి, వంచితే పెళుసుగా విరిగితే అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదు రోజులకోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. డీఏపీతో కలిపి మాత్రం వేయొద్దు, అందులోని భాస్వరం జింకును మొక్కకు అందనివ్వదు.

పీహెచ్ (నేల క్షార గుణం చెప్పే కొలత) 8.5 దాటిన నేలలో యూరియా అమ్మోనియాగా మారి గాల్లో కలిసిపోతుంది. అందుకే అక్కడ నత్రజని మామూలు కంటే పాతిక శాతం ఎక్కువ అవసరమవుతుంది, కానీ ఒకేసారి కాదు, మూడు నాలుగు దఫాలుగా, మట్టిలో కలిసేలా.

పొటాష్ మానకండి, సోడియంతో పోటీ పడేది అదే. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి వీలైతే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి.

ఇక జిప్సం: అది కారు చౌడుకే, అంటే నీళ్లు ఇంకక పైనే బురదగా నిలిచే నేలకి. తెల్లగా ఉప్పు పేరుకునే పాల చౌడులో వేస్తే డబ్బు దండగ. మీది ఏ చౌడో తేలాలంటే మట్టి పరీక్షలో పీహెచ్, ఈసీ, సోడియం మూడూ అడిగి చేయించుకోండి.