చచ్చిన సీసా చెప్పిన నిజం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు శింగనమల చెరువు నీళ్లలో బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందో కొలవాలి. ఎండలో స్కూటీ డిక్కీలో సీసాలు పెట్టుకుని అనంతపురం తెచ్చి, నేరుగా 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టేసేవాణ్ని. లెక్క ఒకరోజు గోరంత, మర్నాడు కొండంత. సబ్మిషన్ టెన్షన్ వేరే.

దారి మంచుదేశం నుంచి దొరికింది. అలాస్కాలోని టూలిక్ సరస్సు మీద 1975 నుంచి పరిశోధన నడుస్తోంది. టండ్రా నీళ్లలో పెరుగుదల చాలా నెమ్మది, మామూలు యంత్రానికి అందదు. అందుకే రేడియోధార్మిక ల్యూసిన్ (ప్రోటీన్‌కు ఇటుకలాంటి ఒక అమైనో ఆమ్లం) కొద్దిగా కలుపుతారు. బ్యాక్టీరియా ప్రోటీన్ తయారీకి దాన్ని వాడుకుంటుంది. కొన్ని గంటలయ్యాక ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పోసి ఆపి, ప్రోటీన్‌లో ఎంత చేరిందో కొలుస్తారు. అంతసేపూ సీసాలు సరస్సు చల్లదనంలోనే ఉండాలి. మొదట్లోనే ఆమ్లంతో చంపేసిన సీసా ఒకటి పక్కన పెట్టి, మిగతావాటి లెక్కలోంచి దాని లెక్క తీసేస్తారు.

మనకు రేడియోధార్మికత ఎక్కడిది! ఆ రెండు జాగ్రత్తలే పట్టుకున్నా. ఫార్మాలిన్‌తో చంపిన సీసా కూడా, నీళ్ల మసకను బట్టి లెక్క చెప్పే మా స్పెక్ట్రోఫోటోమీటర్‌లో, బతికున్న సీసా చూపినంతే దాదాపు చూపించింది.

"ఏమప్పా, చచ్చినవీ పెరుగుతాండాయే!" అని అటెండరన్న ఒకటే నవ్వు.

ఇన్నాళ్లూ నేను కొలిచింది చెరువు బురదని! యంత్రం మానేసి, నీళ్లు పలచన చేసి ప్లేట్ల మీద కాలనీలు లెక్కపెట్టాను. (ప్లేటు మీద మొలిచేవి ఉన్నవాటిలో కొన్నే, అది వేరే గొడవ.) సీసాల్ని థర్మాకోల్ డబ్బాలో తెచ్చి, చెరువు దగ్గర థర్మామీటరు చూపిన వేడిలోనే ఉంచాను. ఇప్పుడు చంపని మూడు సీసాల లెక్కలూ దగ్గరదగ్గరగా వస్తున్నాయి.