గులాబ్ జామూన్ పక్కన పుల్లబడ్డ తీపి వైన్

మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం. పోయిన దీపావళికి నలుగురు స్నేహితులను భోజనానికి పిలిచి, జర్మనీలోని మోజెల్ లోయ రీస్లింగ్ (ఒక రకం తెల్లద్రాక్షతో చేసే వైన్) రెండు సీసాలు తెచ్చాను. లేబుల్ మీద ‘ష్పేట్‌లేజె’ అని ఉంది, అంటే ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసింది. తీపి వైన్ కదా, తీపితోనే బాగుంటుందనుకుని గులాబ్ జామూన్‌తో పోశాను. ఒక్క గుక్కకే అందరూ మొహాలు చిట్లించారు. నిమ్మరసం నీళ్లలా ఉంది! సీసా పాడైందేమోనని నాకు టెన్షన్.

పాడవలేదు. జామూన్ తిన్న నోటికి టీ చప్పగా అనిపించదూ, అదే సంగతి. పాకం ముందు వైన్ తీపి తెలియలేదు, పులుపే మిగిలింది. వంటకం కన్నా వైన్ తియ్యగా ఉండాలి.

పైగా సీసాను చల్లబరచకుండా బల్ల మీదే వదిలేశాను. రెండోదాన్ని మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, మరో ఆదివారం 8-10 డిగ్రీల చల్లదనంలో కోడి వేపుడుతో ఇచ్చాను. అబ్బ, కారం ఎంత మెత్తబడిందో! ఆల్కహాల్ 8 శాతమే కాబట్టి మంట పెరగలేదు, 14 శాతం వైన్ అయితే నోరు భగ్గుమనేది. నూనె జిడ్డు నోట్లో నిలవకుండా ఆ పులుపే చూసుకుంది.

కొనేటప్పుడు ‘ట్రోకెన్’ అని కనిపిస్తే మాత్రం ష్పేట్‌లేజె అయినా తీపి ఉండదు. అలాంటిదీ ఒకటి కొన్నాను, అది వేరే కథ.

జామూన్‌తోనే తాగాలంటే ఐస్‌వైన్ (తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షతో చేసే, బాగా తియ్యటి వైన్) లాంటిది కావాలి. దాని ధర చూసి మా ఆవిడ టీ పెట్టింది.